కొత్త ఎస్‌ఎంపీఎస్ బిగించాక కంప్యూటర్ మొరాయిస్తే

ఇంట్లోని కంప్యూటర్‌కు కొత్త ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి భాగాలకు తగిన విద్యుత్తుగా మార్చి ఇచ్చే పెట్టె) బిగించి బటన్ నొక్కినప్పుడు ఏ చలనమూ లేకపోవచ్చు, ఫ్యాన్లు ఒక్కసారి కదిలి ఆగిపోవచ్చు, లేదా అన్నీ తిరుగుతున్నా తెర నల్లగానే ఉండిపోవచ్చు. చెన్నైలో ఉండేవాళ్లకు అలాంటప్పుడు ముందుగా తట్టే ఆలోచన, డబ్బాను సంచిలో పెట్టుకుని మళ్లీ ఎలక్ట్రానిక్స్ దుకాణాల బజారైన రిచీ స్ట్రీట్‌కు బయలుదేరడం. ఆ ప్రయాణం చాలాసార్లు అనవసరమని నా నమ్మకం. ఎస్‌ఎంపీఎస్ మార్చేటప్పుడు మదర్‌బోర్డుకు, ప్రాసెసర్‌కు, గ్రాఫిక్స్ కార్డుకు, డిస్కులకు వెళ్లే ప్రతి కనెక్టరునూ ఊడదీసి మళ్లీ పెడతాం. ఆ పనిలో మోచేయి తగిలి ర్యామ్ కదలవచ్చు, ముందు ప్యానెల్ నుంచి వచ్చే సన్నటి వైరు ఊడిపోవచ్చు. కొత్త వస్తువు చెడిపోయి వచ్చి ఉండటం కంటే, చేయి తగిలిన చోట ఏదో ఒకటి సగమే కూర్చుని ఉండటమే ఎక్కువగా జరుగుతుంది. అందుకే గోడ దగ్గర మొదలుపెట్టి లోపలికి, ఒక్కొక్క మార్పు చేసి ఫలితం చూసుకుంటూ వెళ్లాలి. ఒకేసారి నాలుగు మార్చితే, యంత్రం పనిచేసినా ఏ మార్పు వల్ల పనిచేసిందో తెలియదు.

ఒక్క మినహాయింపు ఉంది. పాత ఎస్‌ఎంపీఎస్ బాగానే ఉండి, గ్రాఫిక్స్ కార్డు కోసమో మరింత సామర్థ్యం కోసమో మార్చినవారికి పై మాట పూర్తిగా వర్తిస్తుంది. కంప్యూటర్ అప్పటికే చచ్చిపోయి ఉంటే, దాన్ని బతికించే ప్రయత్నంగా ఎస్‌ఎంపీఎస్ మార్చినవారు మాత్రం, పాతది పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా దెబ్బతీసి ఉండవచ్చని, లేదా లోపం మొదటినుంచీ మదర్‌బోర్డులోనే ఉండి ఉండవచ్చని గుర్తుంచుకోవాలి. పరీక్షించే క్రమం ఇద్దరికీ ఒకటే.

చేయి పెట్టే ముందు

గోడ స్విచ్ ఆపి, ప్లగ్గు ఊడదీసి, క్యాబినెట్ మీది పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. మదర్‌బోర్డులో మిగిలి ఉన్న విద్యుత్తు దాంతో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత రంగు వేయని ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, అప్పుడు లోపలి భాగాలను ముట్టుకోండి. మన ఊరి తేమగాలిలో స్థిర విద్యుత్ బెడద తక్కువే గానీ, ఏసీ వేసుకున్న గదిలో గాలి పొడిబారుతుంది కాబట్టి ఈ జాగ్రత్త వదలవద్దు. ఎస్‌ఎంపీఎస్ పెట్టె మరలను మాత్రం ఏ కారణంతోనూ విప్పవద్దు. దాని లోపలి పెద్ద కెపాసిటర్‌లో 400 వోల్టులకు దగ్గరగా డీసీ విద్యుత్తు ఉంటుంది, ప్లగ్గు పీకిన తర్వాత కూడా కొంతసేపు నిలిచి ఉండగలదు, అది ప్రాణం తీయగలదు. పెట్టె బయట చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. లోపల ఇంట్లో చేయదగిన పని ఒక్కటీ లేదు.

బటన్ నొక్కిన వెంటనే కాలిన వాసన వచ్చినా, పొగ కనిపించినా, టప్పున శబ్దం వినిపించినా ఈ వ్యాసంలోని మిగతా పరీక్షలేవీ చేయవద్దు. గోడ స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, మళ్లీ ఎక్కించకుండా అలాగే ఉంచండి.

గోడ నుంచి క్యాబినెట్ దాకా

అదే సాకెట్‌లో టేబుల్ ఫ్యానో, ఫోన్ ఛార్జరో పెట్టి కరెంటు వస్తున్నదో లేదో చూడండి. స్పైక్ గార్డును పక్కనపెట్టి కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు కలపండి. పవర్ కేబుల్ ఎస్‌ఎంపీఎస్ వెనుక చివరిదాకా దిగిందో లేదో వేలితో నొక్కి చూడండి. కొత్త కేబుళ్లు బిగుతుగా ఉండటం వల్ల పూర్తిగా వెళ్లినట్టే అనిపించి బయటే ఆగుతాయి. వెనుక ఉండే చిన్న స్విచ్‌లో గీత గుర్తు వైపు నొక్కి ఉంటే ఆన్, సున్నా గుర్తు వైపు ఉంటే ఆఫ్. ఇంత చిన్న విషయమా అనిపించవచ్చు గానీ, క్యాబినెట్‌ను గోడకు జరిపేటప్పుడు ఆ స్విచ్ మీద చేయి పడటం మామూలే.

తక్కువ ధరలో దొరికే కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు, పాత నిల్వల్లోని వాటికి వెనుక 115, 230 అని రాసి ఉండే ఎర్రటి జారుడు మీట ఉంటుంది. మన దేశంలో ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌లు. ఆ మీట 115 దగ్గర ఉండగా ప్లగ్గు పెడితే ఎస్‌ఎంపీఎస్ అక్కడికక్కడే పేలిపోతుంది. కాబట్టి ఎస్‌ఎంపీఎస్‌ను బిగించే ముందే ఈ మీట 230 దగ్గర ఉందో లేదో చూసుకోవాలి. మీటే లేకపోతే భయం లేదు, ఏ వోల్టేజికి తగినదో పెట్టె మీది చీటీలో రాసి ఉంటుంది.

పాత కేబుళ్లను వదిలేయండి

ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. కేబుళ్లను రెండు చివరలా ఊడదీసుకోగలిగే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ ఉన్నవాళ్లు, క్యాబినెట్ వెనుక అందంగా కట్టి ఉన్న పాత కేబుళ్లను కదపడం ఎందుకని, వాటి చివరలనే కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు గుచ్చుతారు. గుచ్చితే చక్కగా సరిపోతాయి కూడా. అయితే మదర్‌బోర్డు, డిస్కుల వైపు పిన్నుల అమరికకు ప్రమాణం ఉంది గానీ, ఎస్‌ఎంపీఎస్ వైపు అమరికకు ఉమ్మడి ప్రమాణమంటూ ఏదీ లేదు. ఒక కంపెనీ 5 వోల్టులు ఇచ్చే చోట ఇంకో కంపెనీ 12 వోల్టులు ఇవ్వవచ్చు. ఒకే కంపెనీకి చెందిన రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉండవచ్చు. డిస్కులకు కరెంటు ఇచ్చే సాటా కేబుల్ విషయంలో ఈ పొరపాటు జరిగితే, 5 వోల్టులు అందుకోవాల్సిన హార్డ్ డిస్కు లేదా ఎస్‌ఎస్‌డీలోకి 12 వోల్టులు వెళ్లి, స్విచ్ వేసిన క్షణంలోనే దాని సర్క్యూట్ మాడిపోతుంది. ఎస్‌ఎంపీఎస్ పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు. ఏళ్ల తరబడి దాచిన పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు ఆ డిస్కులో ఉంటే వాటికి ధర కట్టలేం.

కాబట్టి యంత్రం పనిచేయకపోయినా, పనిచేస్తూ ఒక్క డిస్కు మాత్రమే కనిపించకపోయినా, కొత్త డబ్బాలో వచ్చిన కేబుళ్లే అన్ని చోట్లా ఉన్నాయా అనే ప్రశ్న ముందుగా వేసుకోండి. ఒక్క పాత కేబుల్ ఉన్నా తీసేయండి. అందకపోతే క్యాబినెట్ వెనుక మూత విప్పి కట్లన్నీ తెంచి మళ్లీ కట్టుకోవలసిందే, అరగంట శ్రమకు వెనుకాడవద్దు. తీసిన పాత కేబుళ్లను పాత ఎస్‌ఎంపీఎస్‌తోనే కలిపి కట్టి ఉంచండి, ఇంకెవరూ వాటిని విడిగా వాడకుండా ఉంటారు.

డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి సంస్థల రెడీమేడ్ డెస్క్‌టాప్‌లు వాడేవారికి ఇంకొక మాట. వాటిలో చాలా మోడళ్ల మదర్‌బోర్డుకు మామూలు 24 పిన్నుల సాకెట్ ఉండదు, 6 లేదా 8 లేదా 10 పిన్నుల సొంత అమరిక ఉంటుంది. అలాంటి యంత్రానికి బజారులో దొరికే మార్పిడి కేబుల్ పెట్టి ఉంటే, అది సరిగ్గా ఆ మోడల్‌కు ఉద్దేశించినదేనా అన్నది తేల్చుకోకుండా మళ్లీ స్విచ్ వేయవద్దు.

అసలు చలనమే లేనప్పుడు

బటన్ నొక్కినా దీపం వెలగక, ఫ్యాను తిరగకపోతే ముందుగా మదర్‌బోర్డు మీద ఎక్కడైనా చిన్న దీపం వెలుగుతున్నదేమో చూడండి. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆపి ఉన్నా, ఎస్‌ఎంపీఎస్ ఒక 5 వోల్టుల విద్యుత్తును మదర్‌బోర్డుకు ఇస్తూనే ఉంటుంది. చాలా బోర్డుల మీద దీపమో, కొన్నిటిలో యూఎస్‌బీ మౌస్ కింది ఎర్రటి వెలుగో దాన్ని తెలియజేస్తాయి. అది కనిపిస్తే గోడ నుంచి బోర్డు దాకా దారి బాగానే ఉన్నట్టు, అనుమానం బటన్ మీదికి మళ్లుతుంది.

క్యాబినెట్ ముందు బటన్ నుంచి వచ్చే రెండు పిన్నుల సన్నటి కనెక్టర్ మదర్‌బోర్డు కింది అంచున కూర్చుంటుంది. ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లను లాగేటప్పుడు అన్నిటికంటే తేలిగ్గా ఊడిపోయేది అదే. మదర్‌బోర్డు పుస్తకంలో ముందు ప్యానెల్ బొమ్మ చూసి సరైన రెండు పిన్నుల మీద దాన్ని మళ్లీ పెట్టండి; బటన్‌కు ప్లస్, మైనస్ తేడా లేదు, ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తుంది. బటనే పాడైందన్న అనుమానం ఉంటే ఆ కనెక్టర్ తీసేసి, అవే రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొనతో ఒక్క క్షణం తాకించండి. కంప్యూటర్ లేస్తే లోపం బటన్‌దే.

లేవకపోతే 24 పిన్నుల కనెక్టర్ దగ్గరికి రండి. అది దిగడానికి చాలా బలం కావాలి, బోర్డు కొద్దిగా వంగుతున్నదని భయపడి సగంలో ఆపేయడం సహజం. బోర్డు అంచు కింద ఒక చేతి వేళ్లు ఆనించి, రెండో చేత్తో కొక్కెం టక్కుమని పట్టుకునేదాకా నొక్కండి. చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో అది 20 పిన్నులు, 4 పిన్నులుగా విడివడి ఉంటుంది. ఆ నాలుగు పిన్నుల ముక్క పక్కకు జారి సగమే దిగినా యంత్రం లేవదు. మాడ్యులర్ అయితే కేబుల్ ఇటువైపు చివర, ఎస్‌ఎంపీఎస్ సాకెట్‌లోనూ, అదే విధంగా నొక్కి చూడాలి. బోర్డు వైపు ఎంతో జాగ్రత్తగా చూసి ఇటువైపు మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఒక్కసారి కదిలి ఆగిపోతే

ఫ్యాన్లు అర సెకను తిరిగి ఆగిపోవడమంటే ఎస్‌ఎంపీఎస్ బతికే ఉంది, ఎక్కడో షార్ట్ కనిపించి తనను తాను కాపాడుకుంటున్నది అని అర్థం. ఈ రక్షణ ఒకసారి పనిచేశాక చాలా ఎస్‌ఎంపీఎస్‌లు గోడ స్విచ్ ఆపి ఒక నిమిషం ఆగితే గానీ మళ్లీ స్పందించవు. అందువల్ల ప్రతి ప్రయత్నానికీ ముందు స్విచ్ ఆపి ఆగాలి. లేకపోతే సరిచేసిన తర్వాత కూడా యంత్రం చచ్చినట్టే కనిపించి తప్పుదారి పట్టిస్తుంది.

ఇక్కడ ముఖ్యంగా చూడవలసింది ప్రాసెసర్ కనెక్టర్. మదర్‌బోర్డు పై ఎడమ మూలన ఉండే 8 పిన్నుల సాకెట్‌లోకి వెళ్లేది నాలుగు, నాలుగుగా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డుకు వెళ్లే 8 పిన్నులది ఆరు, రెండుగా విడిపోతుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, 12 వోల్టుల వరుస, గ్రౌండ్ వరుస వాటిలో తారుమారుగా ఉంటాయి. ఒకదాని స్థానంలో ఇంకొకటి దిగకుండా పిన్నుల ఆకారాలు వేరుగా చేసినా, బలవంతంగా నొక్కితే దిగిపోతాయి, దిగితే నేరుగా షార్టే. కనెక్టర్ మీద అచ్చువేసిన అక్షరాలను టార్చి వెలుగులో చదివి నిర్ధారించుకోండి.

అది సరిగ్గానే ఉంటే డిస్కులు, గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్ ఫ్యాన్లు అన్నిటి పవర్ కేబుళ్లూ తీసేసి, 24 పిన్నులది, ప్రాసెసర్‌ది మాత్రమే ఉంచి ప్రయత్నించండి. ఇప్పుడు ఫ్యాను నిలకడగా తిరిగితే, స్విచ్ ఆపుతూ ఒక్కొక్కటే తిరిగి కలపండి. ఏది కలిపినప్పుడు మళ్లీ ఆగిపోయిందో లోపం అందులో ఉన్నట్టు. రెండే ఉంచినా ఆగిపోతుంటే, బిగించేటప్పుడు జారిన మర ఏదైనా మదర్‌బోర్డు వెనుక చిక్కుకున్నదేమో క్యాబినెట్‌ను నెమ్మదిగా వంచి వినండి.

అన్నీ తిరుగుతున్నా తెర నల్లగా ఉంటే

మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డు వెనుక ఉందా, మదర్‌బోర్డు వెనుక ఉందా అన్నది ముందు చూడండి. మళ్లీ కలిపేటప్పుడు చేతికి ముందుగా అందేది మదర్‌బోర్డు మీది సాకెట్టే. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్లకు, రైజెన్ 5 3600, 5600 వంటి వాటికి సొంత గ్రాఫిక్స్ లేదు కాబట్టి అక్కడ పెడితే ఏమీ కనిపించదు.

ప్రాసెసర్ కనెక్టర్ పెట్టకుండా మరిచిపోయినా సరిగ్గా ఇదే లక్షణం: ఫ్యాన్లు తిరుగుతాయి, దీపాలు వెలుగుతాయి, తెర మీద ఏమీ రాదు. గ్రాఫిక్స్ కార్డు విషయంలో లెక్క ఇలా ఉంటుంది: స్లాట్ ద్వారా 75 వాట్లు, 6 పిన్నుల కేబుల్ ద్వారా 75, 8 పిన్నుల కేబుల్ ద్వారా 150 వాట్లు ఇవ్వవచ్చు. కార్డు మీద ఎన్ని సాకెట్లు ఉంటే అన్నిటికీ కేబుల్ పెట్టాలి, ఒక్కటి ఖాళీగా వదిలినా కొన్ని కార్డులు బొమ్మ చూపవు. కొత్త తరం కార్డుల 16 పిన్నుల కనెక్టర్ పూర్తిగా దిగకపోతే వేడెక్కి కరిగిపోయిన సందర్భాలు ఉన్నాయి, అందుకే 2023లో దాని అమరికను సవరించారు. దాన్ని ఖాళీ కనిపించకుండా దించి, కనెక్టర్ దగ్గరే కేబుల్ మలుపు తిరగకుండా చూడండి.

ర్యామ్‌ను తీసి మళ్లీ పెట్టడం తప్పనిసరి. రెండు వైపులా కొక్కేలు వాటంతట అవే మూసుకునేదాకా నొక్కాలి. రెండు ఉంటే ఒక్కటే పెట్టి ఒకసారి, రెండోది పెట్టి ఇంకోసారి చూడండి. బీచికి దగ్గరగా, బెసంట్ నగర్, తిరువాన్మియూరు వైపు ఉండేవాళ్ల యంత్రాల్లో ఉప్పుగాలికి ర్యామ్ అంచులోని బంగారు పూత గీతల మీద మసక పొర ఏర్పడుతుంది. ఏళ్లుగా కదలకుండా ఉన్నంతకాలం పనిచేసి, ఒక్కసారి కదపగానే పట్టు తప్పుతుంది. పొడి మెత్తటి గుడ్డతో, లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, ఆరాక పెడితే చాలు. మదర్‌బోర్డు మీద సీపీయూ (ప్రాసెసర్), డీర్యామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ (డిస్కు) అని రాసిన నాలుగు చిన్న దీపాలు ఉంటే, ఏది వెలిగి అలాగే నిలిచిపోయిందో చూసి నేరుగా ఆ భాగం దగ్గరికి వెళ్లవచ్చు.

డీడీఆర్5 ర్యామ్ ఉన్నవారు ఇంకొంచెం ఓర్పు పట్టాలి. మొదటిసారి లేచేటప్పుడు బోర్డు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. కనీసం పది నిమిషాలు ఆగకుండా స్విచ్ ఆపవద్దు.

ఇవేవీ ఫలించకపోతే మదర్‌బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని, ప్లగ్గు పీకి ఉంచి, ఐదు నిమిషాలు తీసి మళ్లీ పెట్టి బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డు సొంత ప్రోగ్రాము) అమరికలను మొదటికి తేవచ్చు. దీనికి రెండు పర్యవసానాలు ఉన్నాయి. విండోస్ 11 బిట్‌లాకర్ అనే రక్షణతో డిస్కును తాళం వేసి ఉంచితే, తర్వాత దాని రికవరీ కీ అడగవచ్చు. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ఫోనులో చూసుకున్నాకే బ్యాటరీ మీద చేయి వేయండి. రెండోది, గడియారం పాత తేదీకి వెళ్లిపోతుంది, దాన్ని సరిచేసేదాకా బ్రౌజర్‌లో చాలా సైట్లు భద్రతా హెచ్చరికలతో తెరుచుకోవు.

డిస్కు కనిపించకపోతే

పవర్ కేబుల్‌తో పాటు సాటా డేటా కేబుల్‌ను కూడా రెండు చివరలా నొక్కండి. బయోస్‌లో డిస్కు పేరు కనిపిస్తూ విండోస్ మాత్రం లేవకపోతే లోపం విద్యుత్తుది కాదు. బూట్ క్రమం (ఏ డిస్కు నుంచి ముందు లేవాలన్న వరుస) మారిందేమో, ఇంటెల్ బోర్డుల్లో డిస్కులకు సంబంధించిన వీఎండీ అనే అమరిక ముందు ఎలా ఉండేదో చూడాలి. వింతగా కనిపించే ఇంకో సందర్భం ఉంది. సర్వర్ల కోసం చేసిన కొన్ని పెద్ద హార్డ్ డిస్కులు, సాటా పవర్ కనెక్టర్ మూడో పిన్నులో 3.3 వోల్టులు వస్తే దాన్ని ఆగిపొమ్మన్న సంకేతంగా తీసుకుని తిరగనే తిరగవు. పాత ఎస్‌ఎంపీఎస్‌లో, 3.3 వోల్టులు లేని మోలెక్స్ (పాత తరం నాలుగు పిన్నుల పవర్ కనెక్టర్) మార్పిడి కేబుల్‌తో నడిచిన డిస్కు, కొత్తదానిలో నేరుగా కలపగానే చచ్చినట్టు కనిపించడానికి ఇదే కారణం కావచ్చు. డిస్కు పాడైందని పారేసే ముందు దీన్ని ఆలోచించండి.

కాసేపు నడిచి, ఆటలో ఆగిపోతే

మామూలు పనిలో బాగుండి, ఆట మొదలుపెట్టగానే యంత్రం ఠక్కున ఆగిపోతే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అన్న నమోదు కనిపిస్తుంది. అది కంప్యూటర్ సక్రమంగా మూసుకోకుండా ఆగిపోయిందని మాత్రమే చెబుతుంది, కారణం చెప్పదు. దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ మీద తీర్పు ఇవ్వలేం.

నేనైతే ముందు యూపీఎస్‌ను అనుమానిస్తాను. ఇళ్లలో ఎక్కువగా ఉండే 600 వీఏ యూపీఎస్ నిజంగా ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3060 కార్డుకు 170 వాట్లు, ఐ5-12400 ప్రాసెసర్‌కు గరిష్ఠంగా 117 వాట్లు, మిగతా భాగాలకు ఒక 50, మానిటర్‌కు 25 వేసుకుంటే మొత్తం 362. ఎస్‌ఎంపీఎస్ తనలో పోగొట్టుకునేది దీనికి అదనం. 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్ కొన్నంత మాత్రాన దాని ముందున్న యూపీఎస్ పెద్దది కాదు. యూపీఎస్ తీసి నేరుగా గోడకు కలిపి అదే ఆట ఆడి చూడండి. ఆగకపోతే జవాబు దొరికినట్టే.

కరెంటు పోయిన ప్రతిసారీ కంప్యూటర్ తిరిగి మొదలవుతుంటే ఇంటి ఇన్వర్టర్‌ను చూడాలి. సరఫరా తెగాక ఎస్‌ఎంపీఎస్ తన నిల్వతో నిలబడగలిగేది పూర్తి భారం మీద సుమారు 16 మిల్లీసెకన్లు. అనేక ఇన్వర్టర్లు మామూలు మోడ్‌లో బ్యాటరీకి మారడానికి అంతకంటే ఎక్కువ సమయం తీసుకుంటాయి. వాటి వెనుకో పక్కనో ఉండే స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌కు మారిస్తే ఆ వ్యవధి తగ్గుతుంది. చతురస్రాకార తరంగం ఇచ్చే ఇన్వర్టర్ మీద కొత్త ఎస్‌ఎంపీఎస్ గుర్రుమని శబ్దం చేయడం, ఆగిపోవడం కూడా ఉంటుంది. దానికి శుద్ధ సైన్ తరంగం ఇచ్చేదే తగినది.

గోడకు కలిపినా ఆగిపోతుంటే గ్రాఫిక్స్ కార్డుకు ఒకే కేబుల్ కొసన వేలాడే రెండు కనెక్టర్లు కాకుండా, ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు ఇచ్చి చూడండి. ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను గాలి పీల్చే వైపు క్యాబినెట్‌లో రంధ్రాలు ఉన్నాయో లేదో కూడా గమనించండి. అడుగున జాలి ఉంటే ఫ్యాను కిందికి, లేకపోతే పైకి ఉండాలి. తక్కువ భారంలో ఆ ఫ్యాను అసలు తిరగకపోవడం కొన్ని మోడళ్లలో తయారీదారు ఉద్దేశించినదే, దాన్ని లోపంగా లెక్కపెట్టవద్దు.

క్యాబినెట్ తాకితే జివ్వుమంటే

కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టాక క్యాబినెట్ ఇనుము తాకితే వేళ్లు జివ్వుమంటున్నా, టెస్టర్ పెడితే వెలుగుతున్నా, దుకాణదారు మీద కోపం తెచ్చుకునే ముందు ఇంటి ఎర్తింగ్ చూపించండి. విద్యుత్ అలజడిని వడకట్టడానికి ఎస్‌ఎంపీఎస్ ప్రవేశద్వారంలో ఉండే చిన్న కెపాసిటర్లు కొద్దిపాటి విద్యుత్తును ఎర్త్ తీగలోకి పంపుతాయి. ఆ తీగ ఎక్కడో తెగి ఉంటే క్యాబినెట్ మీద సరఫరాలో సగం వోల్టేజి నిలుస్తుంది. పెరంబూరు, విల్లివాక్కం, చింతాద్రిపేట వంటి చోట్ల మన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న పాత ఇళ్లలో మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా, పైనున్న పెద్ద రంధ్రానికి వెనుక తీగే లేకపోవడం అరుదు కాదు. రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ వాడితే ఫలితం అదే. ఇది కంప్యూటర్‌కంటే ఇంట్లో మనుషులకు సంబంధించిన విషయం, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించడంలో ఆలస్యం చేయవద్దు. స్విచ్ వేసిన ప్రతిసారీ ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడిపోయే మీట) పడిపోతుంటే ఎస్‌ఎంపీఎస్ లోపల షార్ట్ ఉండే అవకాశం ఉంది. ఆర్‌సీసీబీ (ఎర్త్‌లోకి కరెంటు కారితే పడిపోయే మీట) మాత్రమే పడిపోతుంటే ఇంట్లోని అన్ని పరికరాల లీకేజి కలిసి హద్దు దాటుతున్నదేమో మిగతావి ఆపి పరీక్షించాలి.

కొలిచి చూడటం

వెయ్యి మాటలకంటే మల్టీమీటర్ చెప్పే అంకె మేలు. మీటరును 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, నల్ల ముల్లును ఖాళీ మోలెక్స్ కనెక్టర్‌లోని నల్ల తీగ రంధ్రంలో, ఎర్ర ముల్లును పసుపు తీగ రంధ్రంలో ఆనిస్తే 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు తీగలో 4.75 నుంచి 5.25 మధ్య అంకె రావాలి. రెండు ముళ్లూ ఒకదానికొకటి తగలకుండా పట్టుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, బరువైన ఆట నడుస్తుండగా ఒకసారి కొలిచి రాసుకోండి. భారం పడగానే హద్దుకంటే కిందికి జారితే తప్పు ఎస్‌ఎంపీఎస్‌దే. తెర మీద సాఫ్ట్‌వేర్ చూపే వోల్టేజిని నమ్మి నిర్ణయం తీసుకోవద్దు.

ఎస్‌ఎంపీఎస్‌ను ఒంటరిగా పరీక్షించాలంటే, అన్ని భాగాల నుంచీ దాన్ని వేరుచేసి, ఒక్క క్యాబినెట్ ఫ్యానును మాత్రం భారంగా ఉంచి, గోడ స్విచ్ ఆపి ఉండగానే 24 పిన్నుల కనెక్టర్‌లోని ఏకైక ఆకుపచ్చ తీగను పక్కనున్న నల్ల తీగతో వంచిన పేపర్ క్లిప్‌తో కలిపి, చేయి తీసేశాక స్విచ్ వేయాలి. ఫ్యాను తిరిగితే ఎస్‌ఎంపీఎస్ లేస్తున్నదని తెలుస్తుంది, భారం మోయగలదని కాదు. ఇప్పుడు వచ్చే చాలా ఎస్‌ఎంపీఎస్‌లలో తీగలన్నీ నల్లవే. వాటిలో అంచనాతో క్లిప్ గుచ్చవద్దు. కొన్ని డబ్బాల్లో ఇందుకోసమే చిన్న మూత ఇస్తారు, లేకపోతే దుకాణంలో దొరికే ఎస్‌ఎంపీఎస్ టెస్టర్ కొనడం మంచిది.

దుకాణానికి వెళ్లవలసి వస్తే

ఇన్నీ చేశాక కూడా తేలకపోతే ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రమే కాదు, క్యాబినెట్ మొత్తాన్ని తీసుకెళ్లండి. కౌంటర్ మీద ఫ్యాను తిప్పి చూపించి బాగానే ఉందని పంపేయడం తేలిక. మీ బోర్డు, మీ కార్డు మీద నడిపి చూపమని అడగడానికి మొహమాటపడవద్దు. అక్కడ ఇంకో మంచి ఎస్‌ఎంపీఎస్ తగిలించి యంత్రం లేస్తుందో లేదో చూస్తే అసలు సందేహం నిమిషాల్లో తీరుతుంది. అయితే ఆ ఎస్‌ఎంపీఎస్‌ను దాని సొంత కేబుళ్లతోనే పరీక్షించమని పట్టుబట్టండి, తొందరలో మీ కేబుళ్లనే దానికి గుచ్చే ప్రమాదం ఉంది. లక్షణాన్ని తమిళంలో వివరించడం కష్టమనిపిస్తే, ఇంట్లోనే బటన్ నొక్కినప్పుడు జరిగేదాన్ని, మదర్‌బోర్డు దీపాలు కనిపించేలా, ఫోనులో వీడియో తీసి పెట్టుకోండి. మీటరు అంకెలు రాసిన కాగితం, బిల్లు, వారంటీ చీటీ, డబ్బాలో వచ్చిన కేబుళ్లన్నీ వెంట ఉండాలి. డబ్బా మీది జాబితాతో వాటిని సరిచూసేటప్పుడు, క్యాబినెట్‌లో ఇంకా ఏదైనా పాత కేబుల్ మిగిలి ఉంటే అది కూడా అప్పుడే బయటపడుతుంది.